బొద్దింకల డాక్టరు ఇంటికి తెచ్చిన మందు

మా బావని వీధిలో అందరూ బొద్దింకల డాక్టరు అంటారు. ఎగతాళికి పుట్టిన పేరే అది. కానీ ఆ మహానుభావుడికి అందులో ఎగతాళి ఏనాడూ వినపడలేదు. "డాక్టరుగారూ, మా వంటింట్లో మళ్ళీ మొదలయ్యాయండీ" అని కిందనుంచి ఎవరైనా కేకేస్తే, పై వరండాలోంచి తల బయటపెట్టి, అప్పుడే ఆపరేషను ముగించినవాడిలా చేతులు తుడుచుకుంటూ, "పెద్దవా, చిన్నవా?" అని అడిగేవాడు. కింద వాటాలో మిషను తొక్కుకుంటూ నేను ఆ మాట విని నవ్వి, కుట్టు వంకరపోయి విప్పుకున్న రోజులున్నాయి.

ఆయన మా అక్క మొగుడు. వాళ్ళది పై వాటా, మాది కింద వాటా. నేను కర్టెన్లూ దిండు గలీబులూ కుడతాను. ఆయనా నేనూ రోజుకొకసారైనా మాటామాటా అనుకోకపోతే ఇద్దరికీ తోచదు. నా నోరు ఎలాంటిదో ఆయనకి తెలుసు, ఆయన గొప్పలు ఎలాంటివో నాకు తెలుసు. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది కాస్త ఘాటుగా ఉంటే, ప్రేమ లేక అనుకోకండి.

ఆయన చిన్నప్పుడు ఒక ధాన్యం గోడౌనులో బస్తాలు మోసేవాడు. గోడౌను వెనక గదిలోనే వాళ్ళ కాపురం. నల్లులు, బొద్దింకలు, గండు చీమలు, ఏవి కావాలంటే అవి. రాత్రిళ్ళు వాళ్ళమ్మ పిల్లల వంటిమీదనుంచి పురుగులు దులుపుతూ కూర్చునేదట. గోడౌనులో పురుగు మందు కొట్టే మేస్త్రీ దగ్గర మెల్లగా చేరి ఆ పని నేర్చుకున్నాడు. తర్వాత ఒక కంపెనీలో చేశాడు. ఆ తర్వాత సొంతంగా ఒక పంపు కొనుక్కుని ఇళ్ళకీ ఆఫీసులకీ మందు కొట్టడం మొదలుపెట్టాడు. మా అక్క కొడుకు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు ఒకసారి ఉయ్యాల్లో చీమలు పట్టి, వాడి చెవి వాచిపోయి, గుక్కపట్టి ఏడిస్తే, మా బావ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. తన ఇంట్లో చీమ అన్నది కనపడకూడదని.

ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. ఎలాగో చెప్తాను.

ఆ మందు నీళ్ళల్లో కలిపాక ఆ రోజుకి ఆ రోజు కొట్టెయ్యాలి. మర్నాటికి పని చెయ్యదు. సాయంత్రం పని అయ్యేసరికి పంపులో ఎంతో కొంత మిగుల్తుంది. దాన్ని పారబొయ్యడానికి ఆయనకి చెయ్యి వచ్చేది కాదు. ఈ పని చేసేవాళ్ళు చాలామంది చేసే పనే ఆయనా చేసేవాడు. మిగిలింది ఇంటికి తెచ్చి, సొంత ఇంట్లో కొట్టేసేవాడు. మంచాల కింద, గ్యాసు బండ వెనక, గుమ్మాల మూలల్లో, బీరువా వెనక. ఈలవేసుకుంటూ కొట్టేవాడు. రోజూ. మా అక్క ఆ కాసేపూ వరండాలో నిలబడి, ఆయన అయిందనగానే లోపలికెళ్ళి వంట మొదలుపెట్టేది.

"ఏం బావా, బొద్దింకలు మీ ఇంటి నంబరు చూసి అడ్రసు మార్చుకుంటున్నాయంటగా" అని నేననేదాన్ని.

"నీ ఇంట్లో కూడా కొట్టనా మరదలా? ఊరికేనే" అనేవాడు.

నేను ఒప్పుకునేదాన్ని కాదు. నాకేదో పెద్ద తెలివి ఉండి కాదు లెండి. నా బట్టలకి ఆ కంపు పడితే కర్టెన్లు వెనక్కి తిప్పి పంపుతారని. ఆయనకి మాత్రం ఆ కంపు తెలిసేది కాదు. అన్నేళ్ళు దాంట్లోనే ఉండి ముక్కు చచ్చిపోయింది. అన్నం మాడినా మేం చెప్పాలి.

పనిలో మాత్రం మహా శ్రద్ధ. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పకముందే మూడు ప్రశ్నలు అడిగేవాడు. "చేపలున్నాయా? చిలకలున్నాయా? కుక్కుందా?" దానికో కారణం ఉంది. పని కొత్తల్లో ఒకరింట్లో హాల్లో మందు కొట్టి వచ్చేశాడు. తెల్లారేసరికి అద్దాల తొట్టిలో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ ఇంటి చిన్నపిల్ల ఒక్కొక్క చేపనీ పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చిందట. మా బావ ఆ రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. అప్పట్నుంచీ చేపల తొట్టి కనపడితే చాలు, అందులో బుడగలొదిలే గాలి మిషను ఆపి, ప్లాస్టిక్ కవరు కప్పి, చుట్టూ టేపు అంటించి, దానిమీద ఇంకో గుడ్డ కప్పేవాడు. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పేవాడు. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నా.

ఇక కోడలి సంగతి. మా అక్క కొడుకు దూరాలకి వ్యాను తోలతాడు. నెలలో సగం రోజులు రోడ్లమీదే. వాడి పెళ్ళాం కళ్ళజోళ్ళ షాపులో పని చేసేది. వచ్చినవాళ్ళ ముక్కుకీ చెవులకీ ఫ్రేములు సరిచేసే పని. మాట మెత్తన, చెయ్యి మెత్తన. నాకు చత్వారం వచ్చిందని నాకంటే ముందు కనిపెట్టింది ఆ పిల్లే. నన్ను చిన్నత్తయ్యా అంటుంది.

ఆ పిల్లకి కడుపొచ్చింది. ఇంట్లో అందరూ గాల్లో తేలారు. మా బావ మామూలుగా కొట్టేదానికి తోడు తెల్లవారగట్ల లేచి ఇంకో విడత కొట్టడం మొదలుపెట్టాడు. పసిబిడ్డ రాబోయే ఇల్లు కదా, చీమ ఉండకూడదు కదా. మూడో నెల దాటకుండానే కడుపు పోయింది.

అప్పుడు అన్నారు చూడండి మాటలు! మా అక్కే మొదలుపెట్టింది. "రోజూ ఆ బస్సుల్లో ఎగిరెగిరి పడి పోగొట్టుకుంది" అంది. మా బావ ఔనన్నాడు. "నేను ముందే చెప్పా, ఆ ఉద్యోగం వద్దని" అన్నాడు. చెప్పనేలేదు, అబద్ధం. వీధి చివర మూలింటి పెద్దావిడ ఉంది, ఒకరింట్లో పాలు పొంగినా నలుగురికి చెప్పకపోతే ఆవిడకి నిద్రపట్టదు. ఆవిడ ఈ బస్సు మాట పట్టుకుని వీధంతా తిప్పింది. ఆ పిల్ల ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని, "నిజమే అత్తయ్యా, నేనే జాగ్రత్తగా ఉండాల్సింది" అంది. ఆ మాట నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అనవసరంగా మధ్యలో దూరడమెందుకని ఊరుకున్నాను.

ఏడాది తిరక్కుండా మళ్ళీ నెల తప్పింది. ఈసారి మా అక్కా బావా గట్టి నిర్ణయం తీసుకున్నారు. ఉద్యోగం మానిపించేశారు. బస్సు లేదు, బజారు లేదు, గుమ్మం దిగడం లేదు. "ఇంట్లో ఉండమ్మా, ఇంటిని మించిన భద్రం ఏముంది?" అన్నాడు మా బావ. నిజంగా ప్రేమతోనే అన్నాడు, నేనది కాదనను. పొద్దుటా సాయంత్రం పంపు తీసి కొడుతూనే ఉన్నాడు.

పిల్లకి తలనొప్పులు, కళ్ళ మంటలు, ఒకటే వాంతులు. "కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవన్నీ మామూలే" అని మా అక్క తేల్చేసింది. సాయంత్రం ఆయన పంపు దించగానే ఆ పిల్ల మెల్లగా లేచి మెట్లమీదకొచ్చి కూర్చునేది. మా అక్క వెనకాలే వచ్చి, "చల్లగాలికి కూర్చోకు, లోపలికి రా" అని రెక్క పట్టుకుని తీసుకెళ్ళేది. పైగా మా అక్కకి మోకాళ్ళ నొప్పులు. మా బావ పని బట్టలు ఉతికేది కోడలే. బరువులెత్తడం కాదు కదా, కూర్చుని ఉతికేదే కదా అని. మందు కలిపే బకెట్టులోనే ఆ బట్టలు నానేసేవాళ్ళు.

అలా అయిదో నెల వచ్చింది.

ఒక టీచరమ్మ నాకు కర్టెన్లు చెప్పింది. కొత్తగా కొనుక్కున్న ఇల్లు, వంటింటి నిండా బొద్దింకలు. "మా బావ ఉన్నాడండీ, చిటికెలో వదిలిస్తాడు" అని నేనే ఒప్పించాను. నేను కిటికీల కొలతలు తీస్తుండగా మా బావ ఇస్త్రీ చొక్కాలో దిగాడు, భుజాన పంపుతో. టీచరమ్మకి ఆరో నెల. సోఫాలో కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకుంటోంది.

"చేపలున్నాయా అమ్మా? చిలకలున్నాయా? కుక్కుందా?" మొదలుపెట్టాడు.

చేపలున్నాయి. హాల్లో మూలన చిన్న తొట్టి. ఇంకేం, మా బావ గాలి మిషను ఆపాడు, కవరు కప్పాడు, పళ్ళతో టేపు తెంపి చుట్టూ అంటించాడు, వేలు తడి చేసుకుని అంచులన్నీ నొక్కాడు. పైన తువ్వాలు కప్పి రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. టీచరమ్మ కలం ఆపి ఇదంతా చూస్తోంది.

"చేపలకి బాగానే జాగ్రత్త చేశారండీ. మరి నా సంగతేంటి?" అంది నవ్వుతూనే.

"మీకేమవుతుందమ్మా? ఫ్యానేసుకుని కూర్చోండి. చేపలంటే పాపం నీళ్ళల్లో ఉంటాయి, ఎక్కడికీ పోలేవు. మనమే చూసుకోవాలి."

టీచరమ్మ పొట్టమీద చెయ్యి పెట్టుకుంది. "వీడూ నీళ్ళల్లోనే ఉన్నాడు కదండీ. వీడు మాత్రం ఎక్కడికి పోతాడు?" అంది.

మా బావ నవ్వాడు. ధైర్యం చెప్తున్నాననుకున్నాడు పిచ్చి మారాజు. "ఏం భయం లేదమ్మా. మా ఇంట్లో కోడలికి అయిదో నెల. పొద్దుటా సాయంత్రం ఇదే మందు కొడతాను ఇంట్లో. అడుగు బయట పెట్టనివ్వం. పోయినసారి బస్సుల్లో తిరిగి పోగొట్టుకుంది కాబట్టి..."

అక్కడ ఆగిపోయాడు.

ఎవరూ ఆపలేదు ఆయన్ని. టీచరమ్మ మొహంలో నవ్వు పోయింది. నా చేతిలో కొలతల టేపు అలాగే ఉంది. ఆయన ఒకసారి పంపు వంక, ఒకసారి తువ్వాలు కప్పిన తొట్టి వంక, ఒకసారి ఆవిడ పొట్ట వంక చూశాడు. పంపు భుజంమీంచి దించి గుమ్మం బయట పెట్టాడు.

"ఇవాళొద్దులెండి," అంది టీచరమ్మ మెల్లగా. "నేను మా అమ్మావాళ్ళింటికి వెళ్ళినప్పుడు చేయించుకుంటాం. మీరు... మీ కోడలి డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. ఆ డబ్బా కూడా తీసుకెళ్ళి చూపించండి." తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన తొట్టి మీది టేపు ఒక్కొక్కటే ఊడదీశాడు. గాలి మిషను వేశాడు. చేపలు బుడగల్లోకి వచ్చాయి. గుమ్మం దాటేటప్పుడు ఆ ఇంటివాళ్ళ కాళ్ళు తుడుచుకునే పట్టాని వంగి సరిచేశాడు, ఎందుకో. సిగ్గుతో ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి చేతులు ఊరుకోవు.

ఆ సాయంత్రం నిండు పంపుతో వచ్చి దాన్ని మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేశాడు. "ఇవాళ కొట్టలేదేం?" అని పైనుంచి మా అక్క. "గొట్టం పాడైంది" అన్నాడు. మర్నాడూ గొట్టం పాడైంది. ఆ మర్నాడూ అంతే.

నేను మెట్లకింద పట్టుకున్నాను. "బావా, ఇంట్లో చెప్పావా?"

"చెప్తానులే."

"ఎప్పుడు? పురిటికి వెళ్ళాకా?"

"నీకేం, నోరుంది కదా, వాగుతావు. ఏమని చెప్పను? నీ కడుపు మీద పొద్దుటా సాయంత్రం విషం కొట్టానమ్మా అని చెప్పనా? చెప్తే మళ్ళీ నా మొహం చూస్తుందా?"

"చూడకపోతే చూడకపోనీ. నీ మొహం కోసమా ఆ పిల్ల నెలలు మోస్తోంది? నువ్వు చెప్తే ఒప్పుకున్నట్టు. నేను చెప్తే చాడీ చెప్పినట్టు. నువ్వే చెప్పాలి." కోపంలో ఇంకో రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ చెప్పను. ఆయన తల వంచుకుని విన్నాడు.

తర్వాత ఏం జరిగిందంటే, మా అక్క వంటింట్లోంచి ఒకటే కేక. "ఒసేయ్, రండే, చూడండే! డాక్టరుగారి ఇంట్లో బొద్దింక!" అందరం పరిగెత్తాం. గట్టుమీద ఒక బొద్దింక, మీసాలు ఆడించుకుంటూ, పెళ్ళిచూపులకొచ్చినట్టు నింపాదిగా నడుస్తోంది. మా అక్క చీపురు తిరగేసి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన ఆ చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అది దర్జాగా సింకు కిందకి వెళ్ళిపోయింది. "మీ వయసైపోయింది" అని మా అక్క పడీపడీ నవ్వింది. కోడలుపిల్ల కూడా నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

నవ్వుతూ నాతో మామూలుగా అంది, "ఈ నాలుగు రోజుల్నించీ తలనొప్పి కూడా లేదు చిన్నత్తయ్యా. కళ్ళు తేటగా ఉన్నాయి. ఎందుకో మరి."

మా బావ విన్నాడు. చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. కాసేపటికి కిందకొచ్చి నా మిషను పక్కన నిలబడి, "రేపు చెకప్పుకి నేనూ వస్తాను" అన్నాడు. మా అక్క మోకాళ్ళతో ఆసుపత్రి మెట్లెక్కలేదు కాబట్టి కోడలికి తోడు ఎప్పుడూ నేనే వెళ్ళేదాన్ని. ఆయన రావడం అదే మొదలు.

మర్నాడు బయల్దేరేటప్పుడు ఆయన చంకలో ఒక సంచీ. అందులో మందు డబ్బా, కవరులో చుట్టి. దారి పొడుగునా కోడలికి దూరంగా, నాకు అవతలి పక్కన నడిచాడు.

డాక్టరమ్మ బీపీ చూసి, పొట్టమీద మిషను పెట్టి గుండె చప్పుడు వినిపించింది. బాగుందంది. కుర్చీ చూపించి కూర్చోమంటే మా బావ కూర్చోలేదు. "ఈయనెవరు?" అని అడిగితే, కోడలుపిల్ల ముచ్చటగా, "మా మావయ్యగారండీ. ఈయన్ని కూడా అందరూ డాక్టరుగారనే పిలుస్తారు" అంది.

ఆ మాటకి ఆయన ఎంత కుంచించుకుపోయాడో నేను చెప్పలేను. సంచీలోంచి డబ్బా తీశాడు. బల్లమీద పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"నేను పురుగుల మందు కొడతానండీ. ఇళ్ళల్లో. మిగిలింది ఇంట్లో కొట్టేవాణ్ణి. రోజూ. ఈ అమ్మాయి ఉండగానే."

డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చేతికి తొడుగు వేసుకుని డబ్బా అందుకుని, దానిమీద రాసింది చదివి, ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఎక్కడ కలుపుతారు? స్నానాల గదిలోనండీ. ఏ బకెట్టులో? బట్టలు నానేసే దాంట్లోనే. పని బట్టలు ఎవరు ఉతుకుతారు? "నేనేనండీ" అంది కోడలు. కొట్టాక కిటికీలు తీస్తారా? దోమలొస్తాయని మూసేవాళ్ళమండీ. ఒక్కొక్క జవాబుకీ ఆయన మెడ ఇంకొంచెం కిందకి పోయింది. ఇన్నాళ్ళూ ఈలవేసుకుంటూ చేసిన పనులన్నీ అక్కడ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి.

"ఇక ఈ అమ్మాయి ఉన్నచోట కొట్టకూడదు. కలపకూడదు. ఆ బట్టలు ముట్టుకోకూడదు," అంది డాక్టరమ్మ. "కొన్నాళ్ళు వేరేచోట ఉంచండి. ఈలోగా కిటికీలు తెరిచి, గచ్చూ గోడలూ గట్లూ అన్నీ సబ్బునీళ్ళతో తుడవండి. అది కూడా ఈ అమ్మాయి చెయ్యకూడదు. మీరు పని బట్టలు బయటే విప్పి, విడిగా ఉతుక్కుని, స్నానం చేశాకే ఇంట్లోకి వెళ్ళండి. బొద్దింకలొస్తే తిండి పదార్థాలు మూసిపెట్టి, కన్నాలు పూడ్చి, తడి లేకుండా చూసుకోండి. స్కాన్ చేద్దాం. ఇప్పటికి భయపడేది ఏమీ కనపడట్లేదు."

డాక్టరమ్మ డబ్బా తిరిగిచ్చినా ఆయన కదల్లేదు. "పోయినసారి పోయింది కదండీ. అది... దీనివల్లేనా?"

"అది ఎవరూ చెప్పలేరండీ. కావచ్చు, కాకపోవచ్చు. చాలా కడుపులు కారణం తెలియకుండానే పోతాయి."

అప్పుడు మా కోడలుపిల్ల తలెత్తింది. "అయితే బస్సు వల్ల కాదాండీ?"

"ఏ బస్సు?"

"నేను పనికి బస్సులో వెళ్ళేదాన్ని. కుదుపులకి పోయిందన్నారు."

"బస్సెక్కితే కడుపులు పోవమ్మా. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా బస్సులోనే వస్తారు. ఎవరన్నారు నీకు?"

ఆ పిల్ల ఎవరి పేరూ చెప్పలేదు. చేతిరుమాలు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. చెప్పదని నాకు తెలుసు, చంపినా చెప్పదు.

"నేనేనండీ," అన్నాడు మా బావ. "నేనూ, మా ఆవిడా. మేమే అన్నాం."

ఆ పిల్ల ఏడ్చింది. గట్టిగా కాదు. ఏడాదిగా లోపల దాచుకున్నది మెల్లమెల్లగా వదిలింది. "నేనే చంపుకున్నాననుకున్నాను చిన్నత్తయ్యా" అని నా భుజంమీద తల పెట్టింది. నాకు మా బావ గొంతు పిసకాలనిపించింది. ఆయన వంక చూస్తే, మూల నిలబడి డబ్బాని రెండు చేతులా చొక్కాలో దాచుకోబోతున్నాడు. మళ్ళీ అది ఏం డబ్బానో గుర్తొచ్చి చటుక్కున ఎడంగా పట్టుకున్నాడు. ఆ నిమిషంలో నాకు కోపమూ జాలీ రెండూ ఒకేసారి వచ్చాయి. ఛీ, ఎంత బతుకు, ఎంత శ్రద్ధ, ఎక్కడికొచ్చి నిలబడ్డాడు!

పాప పుట్టింది, బాగుంది, మీకు బెంగ లేకుండా ముందే చెప్పేస్తున్నా. ఇప్పుడు నా కత్తిరింపు గుడ్డలన్నీ నోట్లో పెట్టుకుంటోంది. కానీ నేను చెప్పాలనుకున్నది పాప సంగతి కాదు.

కోడల్ని నా వాటాలోకి తెచ్చుకున్నాను. పైన మా బావా, వ్యానుదిగి వచ్చిన కొడుకూ కలిసి ఇల్లంతా కడిగారు. కొడుకు తండ్రితో ఆ రోజు ఒక్క ముక్క మాట్లాడలేదు. బకెట్టు మీద బకెట్టు నీళ్ళు అందించాడు, అంతే. సంగతి విని మా అక్క ముందు మొగుడి మీద విరుచుకుపడింది. "నా మనవణ్ణి నువ్వే..." అని అంటూ అంటూ మధ్యలో నోరు నొక్కుకుంది. ఆ బస్సు మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో గుర్తొచ్చి ఉంటుంది. తప్పయిపోయిందని మా అక్క నోటితో అనలేదు. మెట్లు దిగలేని మనిషి గోడపట్టుకుని దిగివచ్చి, కోడలి వెనక కూర్చుని, చిక్కులు తీసి తల దువ్వింది.

మా బావతో మాత్రం ఆ పిల్ల మాట్లాడటం మానేసింది. కోపంతో కాదేమో, ఏం మాట్లాడాలో తెలియక. ఆయన పనినుంచి వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర బట్టలు మార్చుకుని, స్నానం చేసి, నా గుమ్మం దాకా వచ్చి, "తిన్నదా?" అని నన్ను అడిగి వెళ్ళేవాడు. గుమ్మం దాటేవాడు కాదు. రమ్మని ఆ పిల్ల అనలేదు. నేనూ అనలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున ఆ పిల్ల నాతో అంది, "నేను షాపుకి వెళ్తాను చిన్నత్తయ్యా. డాక్టరమ్మని అడిగాను. వెళ్ళొచ్చన్నారు." నేను పైకెళ్ళి ఆ మాట చెప్తే మా అక్క మొగుడి వంక చూసింది. మా బావ లేచి చొక్కా వేసుకున్నాడు. "బస్టాపు దాకా నేను దింపుతా. సంచీ మోస్తా" అన్నాడు.

అప్పుడే ముగ్గురం బయల్దేరాం. ఆ పిల్ల ముందు, మేం వెనక. బస్టాపులో ఎవరుండాలో వాళ్ళే ఉన్నారు. మూలింటి పెద్దావిడ, చేతిలో పాల పాకెట్లు. మమ్మల్ని పైనుంచి కిందదాకా చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఏంటి డాక్టరుగారూ, నిండు కడుపుతో మళ్ళీ బస్సెక్కిస్తున్నారా? ఒకసారి పోగొట్టుకున్నా బుద్ధి రాలేదా ఈ పిల్లకి?"

చుట్టూ నలుగురూ మొహాలు తిప్పారు. ఆ పిల్ల తల దించుకుంది. నేను నా నోటికి పదును పెట్టుకుంటున్నాను. నాకంటే ముందు మా బావ మాట్లాడాడు. గట్టిగా కాదు, కానీ అందరికీ వినపడింది.

"బస్సు మంచిదేనండీ. మా ఇల్లే మంచిది కాదు. నేనే పాడుచేశాను, రోజూ మందు కొట్టి కొట్టి. ఈ అమ్మాయి తప్పేం లేదు. అప్పుడూ లేదు. ఆ మాట వీధిలో ఎంతమందికి చెప్పారో, అంతమందికీ ఇది కూడా చెప్పండి." సంచీ చెయ్యి మార్చుకుని, "నన్ను డాక్టరనకండి" అన్నాడు.

ఆవిడ పాల పాకెట్లు సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి తగ్గింది. మా బావ మెడా చెవులూ ఎర్రగా కందిపోయాయి. సంచీ పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. ఆ పిల్ల ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కింది. సంచీ అందుకోవడానికి వంగి, ఇన్నాళ్ళకి ఆయన వంక చూసింది.

"మావయ్యా, సాయంత్రం బస్సు దగ్గరికి వస్తారా?"

ఆయన తలెత్తలేదు. సంచీ వదిలాక ఖాళీ అయిన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వస్తానమ్మా," అన్నాడు. "స్నానం చేసి వస్తాను."